మానై వంగునా?

మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెతను మనవాళ్ళు పిల్లల్ని దండించడానికి ఎంతగా వాడుకున్నారో, పెద్దవాళ్ళను ఓ మూల కూర్చోబెట్టడానికీ అంతగానే వాడుకున్నారు. ఐదో తరగతి పిల్లవాడికి ఎక్కాలు రాకపోతే ఈ సామెత. అరవై దాటిన తల్లి ఫోనులో బొమ్మ కనబడేట్టు మాట్లాడడం ఎలాగో నేర్పమంటే, పైకి అనకపోయినా, మనసులో ఇదే సామెత. సామెత కదా అని ఎవరూ దాన్ని నిలదీయరు. నాకు మాత్రం కొంతకాలంగా దీనితో పేచీగా ఉంది.

పేచీ మొదలైంది శంషాబాద్ విమానాశ్రయంలో. నేనుండేది ఆ దగ్గర్లోనే కనుక, అమెరికా వెళ్ళే బంధువుల్ని సాగనంపే పని తరచూ నా మీద పడుతూ ఉంటుంది. ఏ అర్ధరాత్రి వెళ్ళినా అక్కడ ఒక దృశ్యం తప్పదు. నేత చీర మీద స్వెట్టరు, కాళ్ళకు కొత్త బూట్లు, మెడలో పాస్‌పోర్టు సంచీ వేసుకున్న ఒక పెద్దావిడ. ఆమె చుట్టూ నలుగురు. ఒకరు కాగితాలు పట్టుకుంటారు, ఒకరు పెట్టెలు తోస్తారు, ఒకరు ఆమె తరఫున సమాధానాలు చెబుతూ ఉంటారు. "నువ్వేం మాట్లాడకు, ఈ చీటీ చూపించు చాలు" అని అందరూ ఒకే మాట చెబుతారు. ఆ తలుపు దాటిన తరువాత ఆమె ఇరవై నాలుగు గంటలపాటు ఒంటరిగా, రెండు విమానాలు మారి, ప్రపంచం అవతలి కొసకు చేరుకుంటుంది. చేరుకోవడమే కాదు, ఆరు నెలల తరువాత తిరిగి వచ్చేసరికి పాత్రలు కడిగే యంత్రం, మైక్రోవేవు, మనవడి బడి బస్సు వేళలు, పక్కింటి మెక్సికో ఆవిడతో సైగల భాష, అన్నీ నేర్చుకుని వస్తుంది. ఇవన్నీ ఏ మాను వంగితే వచ్చాయి?

అయితే సామెతకు దక్కవలసిన న్యాయం ముందు దక్కాలి. డేవిడ్ హ్యూబెల్, టార్‌స్టెన్ వీసెల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1960లలో పిల్లికూనల మీద కొన్ని ప్రయోగాలు చేశారు. పుట్టిన తొలి వారాల్లో ఒక కంటిని కొంతకాలం మూసి ఉంచి తరువాత తెరిస్తే, కన్ను నిక్షేపంగా ఉన్నా మెదడు ఆ కంటి నుంచి వచ్చే కబురును పట్టించుకోవడం మానేసింది. పెద్ద పిల్లికి అదే పని చేస్తే ఏ నష్టమూ కలగలేదు. అంటే కొన్ని నేర్పులకు ఒక అదను ఉంటుంది. అది దాటితే మళ్ళీ రాదు, లేదా ఎంతో కష్టం మీద వస్తుంది. 1981లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. పసిపిల్లలకు కంట్లో శుక్లం ఉంటే ఆపరేషను వాయిదా వేయకూడదని వైద్యులు తొందరపెట్టేది ఇందుకే. భాషల ధ్వనుల విషయంలోనూ ఇటువంటిదే ఒక అదను ఉంది. (మన పిల్లలకు 'ళ' పలకకపోవడానికి కారణం మెదడు కాదు, వాళ్ళకు 'ళ' వినిపించని మనం. అది వేరే దుఃఖం.)

పొరపాటు ఎక్కడ జరిగిందంటే, ఈ ఒక్క కిటికీ మూసుకుపోవడం చూసి ఇల్లంతా మూతపడిందనుకోవడంలో. మెదడుకు ఉన్న ఈ మారే గుణాన్ని ఇంగ్లీషులో ప్లాస్టిసిటీ అంటారు. తెలుగులో నమ్యత అంటే బాగుంటుందని నాకనిపిస్తుంది. 'నమ్' అంటే వంగడం. నమస్కారం కూడా ఆ ధాతువు నుంచి పుట్టినదే. కనుక మన సామెత అడుగుతున్న ప్రశ్న అచ్చంగా నమ్యత గురించినదే: ముదిరిన మెదడు వంగుతుందా?

వంగుతుంది. ఒక నాడీకణం మరొకదాన్ని పదే పదే ప్రేరేపిస్తూ ఉంటే ఆ రెంటి మధ్య బంధం బలపడుతుందని డొనాల్డ్ హెబ్ 1949లో ఊహించాడు. ఆ బలపడే ప్రక్రియ వయసుతో మందగిస్తుంది గాని ఆగిపోదు. 2004లో జర్మనీలో కొందరు యువకులకు మూడు బంతులు గాలిలో ఎగరేసి పట్టుకునే గారడీ మూడు నెలలపాటు నేర్పి, ముందూ తరువాతా మెదడును స్కాన్ తీశారు. కదిలే వస్తువుల్ని గమనించే భాగంలో బూడిదరంగు పదార్థం పెరిగింది. 2008లో అదే పరీక్ష సగటున అరవై ఏళ్ళున్నవారితో చేశారు. వారికి గారడీ యువకులంత బాగా పట్టుబడలేదు. కొందరికి రానే లేదు. కాని నేర్చుకున్నవారి మెదడులో మార్పు వచ్చింది. అది జ్ఞాపకానికి కీలకమైన హిప్పోకాంపస్‌లో కూడా కనిపించింది. సాధన మానేశాక ఆ పెరుగుదల తగ్గిపోయింది, పడుచువాళ్ళలోనూ ముసలివాళ్ళలోనూ. ఈ చివరి సంగతి గుర్తుంచుకోండి, దీనితో నాకు పని ఉంది.

జర్మనీ దాకా ఎందుకు, మన పంజాగుట్టలోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థ నుంచి 2013లో ఒక పరిశోధన వెలువడింది. దీన్ని తెలుగువాళ్ళం ఇంటింటా చెప్పుకోవలసింది, కాని ఎందుకో చెప్పుకోలేదు. డాక్టర్ సువర్ణ అల్లాడి నాయకత్వంలో, ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి భాషాశాస్త్రజ్ఞురాలు దుగ్గిరాల వసంత, ఎడింబరో నుంచి థామస్ బాక్ మొదలైనవారు కలిసి, డిమెన్షియాతో ఆ ఆసుపత్రికి వచ్చిన 648 మంది వివరాలు పరిశీలించారు. వారిలో 391 మందికి రెండు గాని అంతకన్నా ఎక్కువ గాని భాషలు వచ్చు. ఒకే భాష వచ్చినవారితో పోలిస్తే వీరిలో జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలయ్యాయి. రెంటికి మించి మూడు నాలుగు భాషలు వచ్చినందువల్ల అదనపు లాభం కనబడలేదు. రెండు చాలు.

ఇటువంటి ఫలితం అంతకుముందే, 2007లో, కెనడాలో వచ్చింది. కాని అక్కడ రెండు భాషలు వచ్చినవారిలో చాలామంది వలస వచ్చినవారు. ఆలస్యానికి కారణం భాషా, వలసా, చదువా, వారి ఆరోగ్యమా అన్నది తేల్చడం కష్టం. హైదరాబాద్‌లో ఆ చిక్కు లేదు. ఇక్కడ రెండు భాషలు రావడానికి ఎక్కడికీ వలస పోనక్కరలేదు, గుమ్మం దాటితే చాలు. తెలుగువాళ్ళకు దక్కనీ, దక్కనీ వాళ్ళకు తెలుగు, ఇద్దరికీ కొద్దో గొప్పో హిందీ. అన్నిటికన్నా నన్ను కదిలించినది ఏమిటంటే, ఎన్నడూ బడికి పోని, చదవడం రాయడం రానివారిలో ఈ తేడా మరింత ఎక్కువగా, ఆరేళ్ళు కనిపించింది. అంటే ఇది చదువుకున్నవారి భోగం కాదు. అంగట్లో కూరగాయలమ్ముతూ ఒకరితో తెలుగులో, మరొకరితో దక్కనీలో బేరమాడే మనిషి, తనకు తెలియకుండానే, ముసలితనానికి కొంత ధనం దాచుకుంటోంది.

శంషాబాద్ అంగట్లో ఇది కళ్ళారా చూడవచ్చు. ఆ మాటకొస్తే ఈ దారిలో ఊళ్ళ పేర్లే రెండు నాలుకలతో మాట్లాడతాయి. షమ్స్ అంటే అరబ్బీలో సూర్యుడు. ఆబాద్ పారసీ మాట. ఇటు రాళ్ళగూడ, తొండుపల్లి, అటు గగన్‌పహాడ్. విమానాలు రాక ముందే ఆ గుట్టకు ఆకాశం పేరు పెట్టినవారెవరో గాని గొప్ప భావుకులు.

ఈ పరిశోధనకు హద్దులున్నాయి. అది ఆసుపత్రికి వచ్చినవారి లెక్క. ఆరోగ్యంగా ఉన్నవారిని ఏళ్ళ తరబడి వెంబడించి చేసిన కొన్ని ఇతర దేశాల పరిశీలనల్లో ఇంత స్పష్టమైన తేడా కనబడలేదు. రెండో భాష డిమెన్షియాకు మందు అని ఎవరైనా అంటే నమ్మకండి. అయితే అదే బృందం 2016లో పక్షవాతం వచ్చిన 608 మందిని పరిశీలించినప్పుడు, ఆ తరువాత ఆలోచనాశక్తి చెక్కుచెదరకుండా నిలిచినవారు రెండు భాషల వారిలో వందకు నలభై మందికి పైగా ఉంటే, ఒక భాష వారిలో ఇరవైకి లోపే ఉన్నారు. దెబ్బ తగిలినప్పుడు మెదడు పక్కదారి వెతుక్కోగలగడం అనేది పాత దారులు ఎన్ని వేసి ఉన్నాయన్న దాని మీద ఆధారపడుతుందని దీన్నిబట్టి అనుకోవచ్చు.

దారులంటే గుర్తుకొచ్చింది. లండన్‌లో టాక్సీ నడపడానికి అనుమతి కావాలంటే సుమారు ఇరవై అయిదు వేల వీధులు కంఠస్థం కావాలి, మూడు నాలుగేళ్ళు పడుతుంది. ఎలినార్ మగ్వైర్ బృందం 2000లో వారి మెదళ్ళను చూసి, హిప్పోకాంపస్ వెనుకభాగం మామూలు మనుషులకన్నా పెద్దదిగా ఉందని చెప్పింది. పుట్టుకతోనే అలా ఉన్నవారు టాక్సీ నడుపుతున్నారేమో అన్న సందేహం రావడం సహజం. అందుకని 2011లో, నేర్చుకోవడం మొదలుపెట్టిన 79 మందిని కొన్నేళ్ళపాటు గమనించారు. 39 మంది నెగ్గారు. మొదట్లో అందరివీ ఒకలాగే ఉన్న మెదళ్ళలో, చివరికి నెగ్గినవారికే ఆ భాగం పెరిగింది. వీరంతా నడివయసుకు చేరువవుతున్న సంసారులే. 2024 చివర్లో అమెరికా మరణాల లెక్కలు తిరగేసిన మరొక బృందం, టాక్సీ డ్రైవర్లలో అల్జీమర్స్‌తో పోయినవారు నూటికి 1.03, అంబులెన్సు డ్రైవర్లలో 0.91 మాత్రమేననీ, మొత్తం జనంలో అది 1.69 అనీ చెప్పింది. నిర్ణీతమైన దారిలో పోయే బస్సు డ్రైవర్లలో గాని, విమానాలు నడిపే పైలట్లలో గాని ఈ తగ్గుదల లేదు. జ్ఞాపకం సన్నగిల్లుతున్నవాడు ముందే ఆ ఉద్యోగం మానేసి ఉండవచ్చు కదా అన్న శంక ఆ పరిశోధకులకే ఉంది. అయినా, విమానం నడిపేవాడి కంటే అతన్ని విమానాశ్రయానికి తెచ్చి దింపినవాడి మెదడుకు ఎక్కువ పని ఉందేమోనన్న ఊహ నాకు నచ్చింది.

2008 మార్చిలో బేగంపేట నుంచి ప్రయాణికుల విమానాలన్నీ ఇక్కడికి తరలినప్పుడు హైదరాబాద్ డ్రైవర్లందరూ ఒక్కసారిగా కొత్త నగరం నేర్చుకోవలసి వచ్చింది. నాకు తెలిసిన ఒక పెద్దమనిషి, విమానాశ్రయం కోసం తీసుకున్న సుమారు అయిదున్నర వేల ఎకరాల్లో తన రెండెకరాలు పోయాక, నలభై ఆరో ఏట డ్రైవింగు నేర్చుకున్నాడు. అంతవరకు ఎడ్లబండి తప్ప ఏదీ తోలినవాడు కాదు. ఇరుకు గల్లీలతో సహా పాతబస్తీ అంతా ఆయన నాలుక చివర ఉండేది. భూమి పోవడం మంచిదయిందని నేననడం లేదు. ఆ అన్యాయం గురించి ఆయన ఇప్పటికీ మాట్లాడతాడు, మాట్లాడవలసిందే కూడా. నేను చెప్పేది, నలభై ఆరేళ్ళ మాను వంగిందన్నది మాత్రమే. ఇప్పుడు ఫోను కుడికి తిరగమంటే కుడికి, ఎడమకి తిరగమంటే ఎడమకి తిరిగే పడుచు డ్రైవర్లను చూసి ఆయన నవ్వుతాడు.

అక్షరాల సంగతీ ఇంతే. లక్నో చుట్టుపక్కల పల్లెల్లో చదువురాని, ముప్ఫై దాటిన స్త్రీలకు ఆరు నెలలపాటు దేవనాగరి లిపి నేర్పి చూస్తే, మెదడు పైపొరలో మాత్రమే కాక, ఎంతో లోతైన, ఎన్నడూ మారదనుకున్న భాగాల్లో సైతం సంధానాలు మారాయని 2017లో ప్రకటించారు. మనకు ఈ సంగతి చెప్పడానికి స్కాన్ అక్కరలేదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, పగలంతా కూలి చేసుకుని రాత్రి లాంతరు వెలుగులో అక్షరాలు దిద్దుకున్న స్త్రీలు, సారా గురించిన పాఠం మీద మాట్లాడుకుని, ఊళ్ళో సారా దుకాణం మూయించారు. రోశమ్మ పేరు అలా రాష్ట్రమంతటికీ తెలిసింది. 1993లో ప్రభుత్వం సారాను నిషేధించవలసి వచ్చింది. ఆ తరగతుల్లో కూర్చున్నవారిలో మొక్కలెన్ని, మానులెన్ని?

వయసుతో తగ్గేవి లేవని కాదు. కొత్త ముఖానికి పేరు తగిలించడం, రెండు పనులు ఒకేసారి చేయడం, వేగం, ఇవి ముప్ఫై దాటాక మెల్లమెల్లగా తగ్గుతూనే వస్తాయి. పదసంపద, లోకజ్ఞానం అరవై దాటేవరకూ పెరుగుతూ పోవచ్చు. అందుకే కళ్ళజోడు ఎక్కడ పెట్టిందీ గుర్తుండని తాతగారికి చిన్నప్పటి శతక పద్యాలు పొల్లుపోకుండా వస్తాయి. పెద్దవాళ్ళకు కొత్త విషయం ఎక్కాలంటే అది పాతదానితో అల్లుకోవాలి. ఎక్కువసార్లు చెప్పాలి. తొందరపెట్టకూడదు. మనం సరిగ్గా దీనికి వ్యతిరేకంగా చేస్తాం. ఒకసారి, గబగబా, ఇంగ్లీషులో చెప్పి, "ఎన్నిసార్లు చెప్పాలి" అని విసుక్కుంటాం.

మనం అని బహువచనం వాడి తప్పించుకుంటున్నాను గాని, చేసింది నేను.

నాన్న పోయాక, 2019లో, అమ్మను షాద్‌నగర్ దగ్గరి మా ఊరి నుంచి తీసుకొచ్చాను. మూడో తరగతి దాకా చదివింది. తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. దక్కనీ సంతలో నేర్చుకుంది, గడగడా మాట్లాడుతుంది. ఊళ్ళో పాల లెక్క, కూలీల లెక్క, చీటీల లెక్క అన్నీ ఆమె తలలోనే ఉండేవి. ఇక్కడికొచ్చాక మేం ప్రేమకొద్దీ ఆమె చేతిలోంచి ఒక్కొక్కటే తీసేసుకున్నాం. మందులు డబ్బాలో సర్ది పెడతాం. బ్యాంకుకు నేనే వెళతాను. కూరగాయలు ఫోనులో తెప్పిస్తాం. ఫోను చేయాలంటే నేనే నంబరు నొక్కి చేతికిస్తాను. ఒకసారి విసుగ్గా ఆమె చేతిలోంచి ఫోను లాక్కుంటే, "అన్నీ నువ్వే చేస్తే నాకెట్లొస్తదిరా" అంది. నేను విన్నాను, పట్టించుకోలేదు.

మూడేళ్ళు గడిచేసరికి అమ్మ మాటలు తగ్గాయి. అడిగినదానికి మరేదో జవాబు చెప్పేది. పొయ్యి మీద పాలు మరిచిపోయేది. దేశంలో అరవై దాటినవారిలో సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందన్న అంచనా 2023లో చదివి, మా అమ్మను మనసులోనే ఆ లెక్కలో చేర్చేసి భయపడ్డాను. డాక్టరుగారు అరగంటసేపు ఆమెతోనే మాట్లాడారు, నన్ను నోరు తెరవనివ్వలేదు. చివరికి తేల్చింది, డిమెన్షియా లక్షణాలేవీ ఇప్పటికి లేవు, వినికిడి బాగా తగ్గింది అని. తరువాత ఆయన నన్ను అడిగారు: "ఇంట్లో ఆమె చేసే పని ఏమిటి?" నాకు జవాబు దొరకలేదు.

2024లో లాన్సెట్ సంఘం డిమెన్షియాకు దారితీసే, మనం మార్చుకోగల పద్నాలుగు కారణాలను లెక్కించింది. వినికిడి లోపం, చికిత్స చేయించని చూపు లోపం, ఒంటరితనం అందులో ఉన్నాయి. ఈ పద్నాలుగింటినీ సరిదిద్దగలిగితే దాదాపు నూటికి నలభై అయిదు కేసులు తప్పవచ్చు, లేదా ఆలస్యం కావచ్చు అని దాని అంచనా. ఇందులో ఏదీ అంగట్లో కొనే బుద్ధివర్ధినీ లేహ్యం కాదు. ఫోనులో ఆడే మెదడు ఆటలూ కావు. అటువంటి ఆటలమ్మే లుమోసిటీ అన్న కంపెనీ, ముసలితనపు మతిమరుపును ఆపుతాయని సరైన ఆధారం లేకుండా ప్రచారం చేసినందుకు 2016లో అమెరికాలో ఇరవై లక్షల డాలర్లు కట్టుకుంది. పెద్దవాళ్ళకు కావలసింది ఆట కాదు, అవసరం. తప్పితే నష్టం, వస్తే లాభం ఉన్న అసలు పని.

వినికిడి యంత్రం కొన్నాం. (అది వారానికి నాలుగు రోజులు బీరువాలోనే ఉంటుంది.) కూరగాయలు ఫోనులో తెప్పించడం మానేశాం. అంగడికి అమ్మే వెళుతుంది. మా కింది వాటాలో విమానాశ్రయంలో పని చేసే బీహారు కుర్రాళ్ళుంటారు. వాళ్ళ హిందీకి ఆమె దక్కనీకి మధ్య రోజూ ఒక యుద్ధం జరుగుతుంది, ఇద్దరూ గెలుస్తారు. డబ్బు ఫోనులో పంపడం మాత్రం నేర్చుకోలేదు. "కనబడని పైసలు పైసలేనా" అంటుంది. దానికి నా దగ్గరా మంచి జవాబు లేదు.

2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సుల్లో టికెట్టు లేదు. దీని ఖర్చు గురించి, రద్దీ గురించి ఎన్నో వాదాలు విన్నాను, కొన్నిటితో ఏకీభవిస్తాను కూడా. కాని జీవితంలో ఒంటరిగా బస్సెక్కని ఎందరో పెద్ద ఆడవాళ్ళు ఇప్పుడు బోర్డులు కూడబలుక్కుని, కండక్టరును అడిగి, దారులు నేర్చుకుంటున్నారన్న సంగతి ఆ వాదాల్లో ఎక్కడా వినబడలేదు. మెహదీపట్నంలో ఉన్న చెల్లెలి దగ్గరికి ఒక్కతే వెళతానని మొన్న అమ్మ అంది. ఎంత వారించినా వినలేదు. సరేనని, ఆరాంఘర్ దగ్గర దిగి ఏ బస్సెక్కాలో చీటీ మీద రాసిచ్చాను. గంటలో చేరవలసిన మనిషి రెండున్నర గంటలైనా చేరలేదు. ఫోను ఎత్తదు. యంత్రం బీరువాలో ఉంది. నేను బండి తీసుకుని ఆరాంఘర్ దాకా పోయి, ప్రతి బస్సులోకీ తొంగి చూస్తూ నిలబడ్డాను.

చివరికి పిన్ని ఫోను నుంచి అమ్మే చేసింది. నేను రాసిచ్చిన బస్సు ఆమెను అఫ్జల్‌గంజ్‌లో దింపిందట. అక్కడ పండ్ల బండి ముసలాయన్ని దక్కనీలో అడిగి, ఇంకో బస్సు పట్టుకుని, మెహదీపట్నం చేరి, భోజనం కూడా చేసేసింది.

"నువ్వు రాసిచ్చిన బస్సు ఆడికి పోదురా కొడుకా" అంది. "ఇంకోసారి పోవాల్నంటే నన్నడుగు, నేను చెప్త."